ఇత్తడి గంగాళంలో చలికాలం

కువైట్‌లో ఎండను గెలిచిన మాలీలు చాలామంది దొరుకుతారు. చలిని గెలిచినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఫింటాస్‌లో సముద్రానికి దగ్గరగా ఒక పెద్ద ఇంట్లో పని చేశాను. అలాంటి తోట ఆ వీధిలోనే కాదు, ఆ దేశంలోనే లేదు. నా చేతికింద నలుగురు పనివాళ్ళు ఉండేవారు.

ఆ చివరి మాట అబద్ధం. నా చేతికింద ఉన్నది ఒక నీళ్ళ పైపు, అదీ మధ్యలో చిల్లులు పడి గుడ్డపేలికలు చుట్టుకున్నది. తోట కూడా పక్కింటివాళ్ళ తోటకంటే కాస్త చిన్నదే. పక్కింటి మాలీ ఇది చదవడు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఇప్పుడు రాయచోటిలో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా, అక్కడికి కొత్తగా తోటపనికి వెళ్ళిన పిల్లలు ఫోన్ చేస్తూనే ఉంటారు. "చాచా, కుండీలో పామ్ చెట్టు పసుపెక్కింది, ఏం పొయ్యల్ల?" అని. ఏం పొయ్యాలని అందరూ అడుగుతారు. ఏం పొయ్యకుండా ఉండాలని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. ఆ ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. ఆ చలికాలమంతా ఒక మంచి మనిషిని చూసి నా కడుపు మండుతూనే ఉంది. మీకోసం ఆ సంగతి రాస్తున్నాను.

కువైట్‌లో చలేమిటని నవ్వకండి. ఎండాకాలంలో పంపు తిప్పితే మిద్దెమీది ట్యాంకు నీళ్ళు టీ కాచుకునేంత వేడిగా వస్తాయి. చలికాలంలో అదే పంపు కింద చేయి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఎడారి మీదుగా వచ్చే గాలి చెవుల్లో దూరి దవడలు పట్టేస్తుంది. నేలలో పాతుకున్న ఖర్జూరానికి ఇవేవీ పట్టవు, అది అక్కడి బిడ్డే. కుండీలో పెరిగే పామ్ చెట్ల సంగతి వేరు. ఎక్కడో దీవుల్లో, పెద్ద చెట్ల నీడలో, తడిగాలిలో పుట్టిన జాతి అది. ఎండాకాలం ఏసీ కావాలి, చలికాలం చాటు కావాలి. అందుకే చలిగాలి మొదలయ్యే ముందే కుండీలన్నీ ఇంటి వెనక గాజు గదిలోకి చేర్చి, మళ్ళీ గాలి మెత్తబడేదాకా కాపాడాలి. హీటరు దగ్గర పెడితే ఆకు చివర్లు మాడతాయి. తలుపు దగ్గర పెడితే చలికి నల్లబడతాయి. తడిగుడ్డతో ఆకు తుడవాలి, వారానికోసారి కుండీని కొంచెం తిప్పాలి, నీళ్ళు మాత్రం బాగా తగ్గించాలి. చలిలో చెట్టు నిద్రపోతుంది, నిద్రపోయేవాడి నోట్లో నీళ్ళు పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది.

ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. తెలిసే చేశాను. సంగతంతా అదే.

గాజు గదిలో చాలా కుండీలు ఉండేవి కానీ ఇంటికి ప్రాణం ఒక్క చెట్టే. కెంటియా అంటారు. చూపుకు పిల్ల కొబ్బరిచెట్టులాగే ఉంటుంది, కాకపోతే ఆకులు వంగిన తీరులో ఒక దర్జా ఉంటుంది. ఇంటి పెద్దావిణ్ణి పనివాళ్ళమందరం మామా అని పిలిచేవాళ్ళం, అక్కడ మామా అంటే అమ్మ. మామా, సాల్మియాలో ఉండే ఆమె చెల్లెలు, ఇద్దరూ ఒకే రోజు ఒకే దుకాణంలో ఒకే ఎత్తు కెంటియాలు రెండు కొన్నారట. ఒకటి ఈ ఇంటికి, ఒకటి చెల్లెలి ఫ్లాటుకు. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళు ఒకరింటికి ఒకరు వెళ్ళినప్పుడు ముందు చెట్టు మొహం చూసి, తర్వాతే మనిషి మొహం చూసేవారు. మా చెట్టు ప్లాస్టిక్ కుండీలోనే ఉండేది, కానీ ఆ కుండీ ఒక పాత ఇత్తడి గంగాళంలో కూర్చుని ఉండేది. అది మామా పుట్టింటి పాత్ర. నిగనిగలాడుతూ ఉంటుంది, అడుగున చిల్లు ఉండదు. ఆ చిల్లు లేదన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు ఎండలు తగ్గే వేళకి ఇంట్లోకి రెండో మాలీ వచ్చాడు. కోనసీమ మనిషి. నాకంటే చాలా చిన్నవాడు, పొడగరి, మాట్లాడితే పక్కవాడికి విసనకర్రతో విసిరినట్టు ఉండేది. నన్ను మొదటి రోజే "గురువుగారూ" అన్నాడు. అంతకుముందు నన్నెవరూ అలా పిలవలేదు. సంతోషించాలి కదా. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత మర్యాద ఉన్నవాడు పక్కనుంటే నా గతేం కాను అనిపించింది.

మామా అతన్ని మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగింది. కొబ్బరి అన్నాడు. ఇంటి ముందు కొబ్బరి, వెనక కొబ్బరి, కాలవ గట్టున కొబ్బరి. చేతులు ఊపుతూ చూపించాడు. మామా కళ్ళు పెద్దవయ్యాయి. "ఈయన ఈ చెట్ల మధ్యే పుట్టాడు" అని తన కొడుకుతో చెప్పింది. నేను ఊరుకోలేదు, మాది వందెకరాల మామిడితోట అని చెప్పాను. మామిడితోట నిజమే, అది మా ఊరి పక్కదే. మాది కాదు. వందెకరాలూ కాదు. ఏదైతేనేం, నా మాట ఎవరూ వినలేదు.

మరుసటి రోజు మామా గాజు గదిలో పనులు పంచింది. చెట్లకు నీళ్ళు అతను పోస్తాడు. ఆకులు తుడవడం, గది ఊడవడం నాది. పొడుగు ముక్కు ఉన్న రాగి నీళ్ళచెంబు ఒకటి ఉండేది, కెంటియాకు దాంతోనే పోసేవాణ్ణి. ఇన్నేళ్ళూ నా చేతిలో ఉన్న ఆ చెంబును మామా తీసి అతని చేతిలో పెట్టింది. అతను రెండు చేతులూ చాచి తీసుకున్నాడు, ప్రసాదం తీసుకున్నట్టు. నా చేతికి చీపురు వచ్చింది.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణేమో. కానీ ఆ వారంలోనే మామా కొడుకు, మేము బాబా అనేవాళ్ళం, మా ఇద్దర్నీ పిలిచి చెప్పాడు. "చలి పోయేదాకా ఇద్దరూ ఉండండి. ఆ తర్వాత ఈ ఇంటికి ఒక మాలీ చాలు. ఎవరుండాలో అమ్మ చెబుతుంది."

అప్పటికే నా గడ్డం తెల్లబడింది. ఆ వయసులో వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్ దొరకడమంటే మాటలు కాదు. కోనసీమాయనకు ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్టు, పడి ఎన్నాళ్ళో కాలేదు. ఇక్కడ పని పోతే వచ్చిన విమానంలోనే వెనక్కి వెళ్ళినట్టు. ఇద్దరిలో ఒకరు ఇంటిదారి పట్టాలి, తేల్చేది ఆ చెట్టు. మామా నోటితో అనలేదు, కానీ రోజూ పొద్దున చెట్టు చూసి, తర్వాత మా ఇద్దరి మొహాలు చూసేది.

నేనప్పుడు ఏం చేయాలి? అతని పని అతన్ని చేసుకోనివ్వాలి. చెట్టు బాగుంటే అతనికి పేరు, పాడైతే నాకు లాభం. లెక్క తేలికే. కానీ కడుపుమంటకు లెక్కలు రావు. ఆ చెట్టు ఇన్నేళ్ళూ నా చేతి నీళ్ళు తాగింది, ఇప్పుడు వాడి చేతి నీళ్ళు తాగి నాకంటే ఎక్కువ పచ్చగా కనబడితే నేను బతకలేను అనిపించింది. పైపెచ్చు అతను నీళ్ళు చాలా పొదుపుగా పోసేవాడు. మట్టిలో వేలు గుచ్చి చూసి, తల ఊపి, చెంబు పక్కన పెట్టేసేవాడు. అదే సరైన పద్ధతి. నేనూ అదే చేసేవాణ్ణి. వాడు చేస్తుంటే మాత్రం చెట్టును ఎండబెట్టి చంపుతున్నట్టు కనిపించింది.

ఒకరోజు పొద్దున నమాజు ముగించుకుని, గాజు గది ఊడ్చే వంకతో వెళ్ళి, కెంటియా మొదట్లో ఒక చుక్క నీళ్ళు పోశాను.

చుక్క అంటే టీ తాగే చిన్న గాజు గ్లాసు. గ్లాసు అంటే నిజానికి నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ చెంబు. సరే, చెంబు నిండా పోశాను. ఆ రోజే కాదు, రోజు విడిచి రోజు.

కొన్నాళ్ళకి ఆకులు వాలాయి. నీళ్ళెక్కువైన చెట్టూ వాలుతుంది, దాహం వేసిన చెట్టూ వాలుతుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇది మీరు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కోనసీమాయన నడుం మీద చేతులు పెట్టుకుని చెట్టు చుట్టూ తిరిగాడు.

"ఏవండీ గురువుగారూ, ఆకు కొంచెం వాలినట్టుందేంటండి?"

"వాల్తే వాల్నీలే అప్పా. చెట్టన్నాక వాలదా?" అన్నాను గాజు తుడుస్తూ.

"చలికాలం కదాని నేను తగ్గించి పోత్తున్నానండి. మరీ తగ్గించేసేనంటారా?"

"నీళ్ళు నీ పని. నాకేం తెలుసు. నాది చీపురు."

"అలాగంటారేంటండి. మీరు కదండీ ఇన్నాళ్ళూ చూసింది."

"చూసినాం. చూసినోళ్ళకు చీపురిచ్చినారు."

అతను కంగారులో మట్టిలో వేలు గుచ్చి చూడ్డం కూడా మరిచిపోయాడు. "దాహం వేసిందేమోనండి పాపం" అని సాయంత్రం ఒక చెంబు పోశాడు. అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. పొద్దున పోసింది నేను కదా, సాయంత్రానికి చెట్టు కొంచెం తేరుకుంటే పేరు వీడికి పోతుంది. మర్నాడు నేను ఇంకొంచెం ఎక్కువ పోశాను. వాలిన ఆకులు ఇంకా వాలాయి. అతను ఇంకొంచెం పోశాడు. ఇలా మేమిద్దరం పోటీపడి ఆ చెట్టుకు సేవ చేస్తుంటే, పైన మట్టి మామూలుగానే కనిపించేది. కుండీ అడుగు చిల్లుల్లోంచి కారినదంతా గంగాళంలో చేరి, వేళ్ళు ఆ చల్లటి నీళ్ళలో నానుతూ ఉన్నాయి. ఇత్తడి నిగనిగలాడుతూనే ఉంది.

గాజు గదికి ఎదురుగా వంటింటి కిటికీ. అక్కడ కడప నుంచి వచ్చిన వంటామె ఉండేది. ఆ ఇంట్లో నాకంటే పాత మనిషి. ఒకసారి నేను ఖాళీ చెంబుతో బయటికి వస్తుంటే కిటికీలోంచి పిలిచింది.

"ఏం భయ్యా, చెట్టుకు వజూ చేపిస్తాండావా?"

"ఊడ్చే ముందు దుమ్ము లేస్తుందని చిలకరించినా."

"ఊఁ. దుమ్ము శానా లేస్తాంది ఈ మధ్య" అని కిటికీ మూసేసింది.

చలి తగ్గే రోజులు దగ్గరపడ్డాయి. కింది ఆకులు పసుపెక్కాయి, ఒకటి గోధుమరంగుకు తిరిగింది. మామా చెట్టు ముందు కుర్చీ వేయించుకుని చాలాసేపు కూర్చునేది. అడిగితే చెట్టే జవాబు చెబుతుందన్నట్టు చూసేది. ఒక గురువారం మా ఇద్దర్నీ పిలిచింది. శుక్రవారం చెల్లెలు టీకి వస్తోంది. చెట్టు హాల్లో ఉండాలి. ఈ చెట్టు ఇలా కావడానికి ఎవరు కారణమో వాళ్ళు ఈ ఇంట్లో ఉండరు. ఇదీ ఆమె చెప్పింది. మా వచ్చీరాని అరబ్బీకి కూడా పూర్తిగా అర్థమైంది.

ఆ సాయంత్రం నేను మనసులో ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ఈ చెట్టును ఇన్నేళ్ళు బిడ్డలా పెంచాను, నీళ్ళచెంబు నా చేతినుంచి తీసేశారు, ఆ తర్వాతే చెట్టు ఇలా అయింది, ఇందులో నా దోషం ఎక్కడుంది మామా, అని. బాగా వచ్చింది. చివర్లో కళ్ళు తుడుచుకోవడం కూడా పెట్టాను.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజయ్యాక చెల్లెలు వచ్చింది. మేమిద్దరం గాజు గదిలోకి వెళ్ళి గంగాళం చెరోవైపు పట్టుకున్నాం. ఎత్తగానే ఇద్దరికీ నడుం పట్టేసింది. ఎప్పుడూ లేనంత బరువు. రెండడుగులు వేశాక లోపల్నుంచి ఒక చప్పుడు వినిపించింది, సగం నిండిన బిందె తలకాయ ఊపినట్టు. దాంతోపాటు మురుగు వాసన. నేను అతని వైపు చూశాను. అతను నా వైపు చూశాడు.

"ఏటండీ ఇది?"

"నన్నడుగుతావేం. నీళ్ళు నీవి కదా."

"నేను పోసింది ఇంత లేదండి, ఒట్టు."

"నడువప్పా, ఆళ్ళు చూస్తాండారు."

హాలు మధ్యలో దించాం. చెల్లెలు సోఫాలో కూర్చుని చెట్టును కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. ఆవిడ మొహంలో ఎంత ఆపుకున్నా ఆగని సంతోషం. నాకు బాగా తెలిసిన సంతోషం అది.

"ఏమక్కా, నీ చెట్టు ఉపవాసం ఉందా?" అంది.

మామా లేచి వచ్చి గంగాళం అంచు పట్టుకుని ఒకవైపుకు వంచమంది. వంచాం. గంగాళంలోంచి నల్లటి నీళ్ళు పొర్లి తివాచీ మీద పడ్డాయి. హాలంతా బురద వాసన. చెల్లెలు కాళ్ళు పైకి పెట్టుకుంది.

"ఎవరు పోశారు ఇన్ని నీళ్ళు?" అని అడిగింది మామా. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

నా ఉపన్యాసం నాలుక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే వంటామె టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. గ్లాసులు ఒక్కొక్కటి పెడుతూ, ఎవరి మొహమూ చూడకుండా, రేపటి కూరేమిటో చెబుతున్నంత మామూలుగా, తెలుగులో మాతో అంది:

"పొద్దున నువ్వు పోస్తివి భయ్యా. సాయంత్రం ఈయన్న పోస్తాడు. మధ్యాన్నం మీరిద్దరూ పండుకున్నంక పెద్దామె చిన్న కూజా తీసుకొచ్చి జమ్‌జమ్ నీళ్ళు పోస్తాది, చెట్టుకు నయం కావల్లని. నేను కిటికీలోంచి దినామూ చూస్తానే ఉండా. ముగ్గురు. ఇప్పుడు ఎవరు పోసినారో మీరే చెప్పుకోండి."

చక్కెర గిన్నె పెట్టి, పక్కకు జరిగి నిలబడింది.

ఇప్పుడు మా పరిస్థితి చూడండి. మక్కా నుంచి వచ్చిన పవిత్రమైన నీళ్ళు. వాటిని చెట్టుకు పోసి మామా తప్పు చేసిందని అనే నోరు ఎవరికుంది? అదీ చెల్లెలి ముందు. చెప్పకపోతే తప్పు మా ఇద్దరిలో ఒకడి నెత్తిన పడుతుంది, ఆ ఒక్కడు ఇంటికి పోతాడు. నీళ్ళు అతని పని కాబట్టి ఆ నెత్తి అతనిదే. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం. ఉపన్యాసం కూడా అక్కర్లేదు.

కోనసీమాయన ఒక అడుగు ముందుకు వేశాడు. చేతులు కట్టుకుని తలవంచి, "అనా, మామా" అన్నాడు. అనా అంటే అరబ్బీలో నేను. నేనే పోశాను అన్నమాట.

మామా అతని వైపు చూసిన చూపు నేను ఎప్పటికీ మరచిపోను. కోపం కాదు. ఇంత మంచివాడా అన్న చూపు. ఆ ఇంట్లో అన్నేళ్ళు పని చేసినా నాకెన్నడూ దక్కని చూపు.

అప్పుడు నేను న్యాయం కోసం, తోటి కార్మికుడి అన్నం కోసం, నా మనస్సాక్షి కోసం ముందుకు దూకాను.

అవేవీ కావు. ఆ చూపు వాడికి పోతుంటే చూడలేకపోయాను. అంతే.

"లా మామా, అనా" అన్నాను. కాదు మామా, నేను.

"కాదండి, నేనేనండి" అన్నాడతను తెలుగులో, కంగారుగా. మళ్ళీ అరబ్బీలో, "అనా."

"ఊరుకో అప్పా. నేను పోసినవి ఎక్కువ."

"నీళ్ళు నా డ్యూటీ కదండీ. మీరెందుకండి మధ్యలో?"

"నేను దినాం పోసినా. చెంబు నిండా పోసినా. నీ రాగిచెంబు ఎంతుండాది, దాంట్లో ఎన్ని పడతాయి?"

"పెద్దోరు, మీరు అబద్ధం చెప్పకూడదండి."

"ఎవుడప్పా అబద్ధం చెప్పేది? ఆమెను అడుగు, ఆ కిటికీలో కూర్చోనుండే ఆమెను."

తప్పు నాదంటే నాదని ఇద్దరు మగవాళ్ళు కొట్లాడుకోవడం చెల్లెలు ఎప్పుడూ చూసి ఉండదు. టీ గ్లాసు కింద పెట్టేసి చూస్తోంది. మామా మా ఇద్దరి మధ్యకీ వచ్చింది. చెయ్యి ఎత్తింది, మేం ఆగిపోయాం. ముందు నన్ను చూపించింది, తర్వాత అతన్ని, తర్వాత అదే వేలు తన గుండెమీద పెట్టుకుంది. పెట్టుకుని, స్పష్టంగా, మా కడప యాసలో అంది:

"ముగ్గురు."

వంటామె చేతిలో పళ్ళెం దభీమని పడింది.

ఇన్నేళ్ళు కడప, రాయచోటి మనుషుల్ని పనిలో పెట్టుకున్న ఇల్లు అది. మామాకు తెలుగు వచ్చు. మొత్తం వచ్చు. ఒక్కసారి కూడా బయటపడలేదు. నాకు భయం పట్టుకుంది. చెట్టు గురించి కాదు. ఆ గాజు గదిలో, ఆమె ఎదురుగా ఆకులు తుడుస్తూ, ఇన్నేళ్ళలో నేను తెలుగులో గొణుక్కున్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

చెల్లెలికి విషయం అరబ్బీలో చెప్పింది మామా. కూజా సంగతి కూడా దాచలేదు. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నేనూ పోస్తాను అక్కా, జమ్‌జమ్" అంది. "నీ చెట్టుకంటే ఎత్తు పెరగాలని." మామా ఒక్క క్షణం బిగుసుకుపోయి, ఆ తర్వాత తనూ నవ్వింది. ఆ ఇద్దరినీ అలా చూస్తుంటే, ఈ జబ్బు నా ఒక్కడిదే కాదని కొంచెం నెమ్మదించాను.

నవ్వులయ్యాక చెల్లెలు అంది, "నీకు ఒక మాలీ చాలన్నావు కదా. ఒకర్ని నాకివ్వు. నా బాల్కనీ నిండా కుండీలు, మా బిల్డింగు కిందంతా చెట్లు. చూసేవాడు లేడు."

"ఎవరు కావాలో తీసుకో" అంది మామా.

చెల్లెలు మా ఇద్దర్నీ చూసింది. ఎక్కువసేపు కూడా ఆలోచించలేదు. కోనసీమాయన వైపు వేలు చూపించింది. "ముందు చెప్పినవాడు" అంది.

అలా ఇద్దరి పనీ నిలబడింది. నేను ఆ ఇంట్లోనే, నా చెట్టు దగ్గరే, నా రాగిచెంబుతో ఉండిపోయాను. చలికాలమంతా కోరుకున్నది అదే. ఇంకేం కావాలి? ఆ పూట అన్నం సరిగా దిగలేదు. నన్నెందుకు ఏరుకోలేదు, నాలో తక్కువేముంది, సాల్మియా గాలి నాకు పడదా అనుకుంటూ కూర్చున్నాను.

అతని కాగితాలు మారేలోపు కెంటియాను ఇద్దరం కలిసి బాగుచేశాం. మీకు ఉపయోగపడే భాగం ఇదే కాబట్టి శ్రద్ధగా వినండి. కుండీలోంచి చెట్టును మెల్లగా పీకి, మట్టి దులిపి, వేళ్ళు చూశాం. బతికిన వేరు తెల్లగా, నొక్కితే గట్టిగా ఉంటుంది. చచ్చిన వేరు నల్లబడి, నొక్కితే పై తోలు చేతికొచ్చేస్తుంది. చచ్చినవన్నీ శుభ్రమైన కత్తితో కోసేశాం. సగానికి పైగా పోయాయి. మిగిలిన కాసిని వేళ్ళకు సరిపడే చిన్న కుండీ తీసుకుని, ఇసుక, కొబ్బరిపీచు కలిపిన పొడి మట్టిలో కూర్చోబెట్టాం. వేళ్ళు తక్కువైనప్పుడు కుండీ పెద్దదైతే మళ్ళీ నీళ్ళు నిలుస్తాయి. గంగాళం అడుగున గులకరాళ్ళు పోసి, కుండీని వాటిమీద పెట్టాం. ఇకముందు పోసే నీళ్ళు కూడా ట్యాంకువి తిన్నగా పొయ్యకూడదు. గదిలో ఒక పూట ఉంచి, చల్లదనం పోయాక పోయాలి.

చివర్లో అతను చేతులు కడుక్కుంటూ, "ఇక మీ చేతులు జేబులోనే ఉంచుకోండి గురువుగారూ" అన్నాడు.

"నా చేతులు యాడ పెట్టుకోవాల్నో నువ్వు చెప్తావా?"

"ఆయ్. చెట్టు బతకాలి కదండీ."

మామా వచ్చి చూసింది. "మాఫీ మాయ్" అని తేల్చేసింది. నీళ్ళు లేవు. తను చెప్పేదాకా ఎవరూ ఒక్క బొట్టు పోయడానికి లేదు. కూజా కూడా వంటింట్లో పై అరలోకి ఎక్కింది. చెట్టుకు ఎవరూ నీళ్ళు పొయ్యకుండా చూసే కావలిపని నాకు అప్పగించింది. ఆ ఇంట్లో నేను అందుకున్న అతిపెద్ద పదవి అదే. నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. రోజూ వెళ్ళి చెట్టు ముందు నిలబడి, చేయి చెంబు మీదికి పోకుండా పట్టుకోవడం. కొత్తగా పనికి వచ్చే పిల్లలకి చెప్పేది ఇదే. చెట్టుకు పని చేసేవాడు తోటలో ఎవడైనా దొరుకుతాడు, పని చేయకుండా దాని పక్కన నిలబడగలిగేవాడు కావాలి.

ఎండ ముదిరే ముందు, చెట్టు నడిమధ్యలోంచి కొత్త మట్ట ఈటెలా పైకి లేచింది. వెంటనే సాల్మియాకు ఫోన్ చేశాను. రెండు మట్టలు వచ్చాయని చెప్పాను.

"రెండా అండి? ఇక్కడ కూడా రెండే వచ్చాయండి" అన్నాడు.

వచ్చింది ఒకటే. అతనికి నిజంగా రెండు వచ్చాయి. ఆ సంగతి ఎలా తెలిసిందంటే, ఆ శుక్రవారమే బస్సెక్కి సముద్రం పక్క దారంతా కూర్చుని సాల్మియా వెళ్ళి చూసొచ్చాను. నాకు టీ ఇచ్చాడు. బాల్కనీలో కెంటియా ఎలా ఉందో చెప్పను. నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

ఏళ్ళు గడిచాయి. అతను సాల్మియాలో, నేను ఫింటాస్‌లో. శుక్రవారాలు మాత్రం పోతూ ఉండేవాణ్ణి, చెట్టు చూడ్డానికే. మోకాళ్ళు మొరాయించాక, వెళ్ళిపోతానని మామాకు చెప్పాను. అప్పటికి ఆమె బాగా పెద్దదైంది, కర్ర పట్టుకుని నడిచేది. మా ఇద్దరి మధ్య అరబ్బీ మానేసి చాలాకాలమైంది. "చెట్టు ఎవరికియ్యల్ల?" అని అడిగింది. నేను తెలిసిన మాలీల పేర్లు ముగ్గురివి చెప్పాను. అతని పేరు చివర, ఇష్టం లేనట్టు, నాలుగోది.

ఇదీ అబద్ధమే. ముందు అతని పేరే చెప్పాను. వేరే పేరు చెప్పనే లేదు. ఈ రాతలో మరీ మెత్తగా కనబడతానని ముగ్గుర్ని కలిపాను. సాల్మియాలో చెల్లెలు అతన్ని వదలనని గొడవ చేసింది. చివరికి అతను పగలు మామా ఇంట్లో, సాయంత్రం చెల్లెలి ఇంట్లో చేసేట్టు అక్కాచెల్లెళ్ళు పంచుకున్నారు. నన్నెవరూ అలా పంచుకోలేదు.

ఇప్పుడు ప్రతి చలికాలం, కుండీలన్నీ గాజు గదిలోకి చేరిన రోజు, అతను నాకు ఫోటో పంపిస్తాడు. ఇత్తడి గంగాళం, గులకరాళ్ళ మీద కుండీ, కెంటియా. నేను కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసుకుని, మొదలు నుంచి చివరిదాకా వెతుకుతాను. ఎక్కడో ఒక మచ్చ, ఒక మాడిన చివర, ఒక వాలిన రెక్క దొరక్కపోతుందా అని. మొన్నటి ఫోటోలో దొరికింది. అన్నిటికంటే కింద ఒక మట్ట, దాదాపు మొత్తం గోధుమరంగులో ఎండి ఉంది. ఆ క్షణంలోనే ఫోన్ చేశాను.

"ఏందప్పా, కింద మట్ట ఎండిపోతాంది. నీళ్ళెక్కువ పోస్తాండావా?"

"లేదండి గురువుగారూ."

"మరెందుకు ఎండింది? హీటరు దగ్గర పెట్టినావా?"

"అది ఎప్పుడో ఎండిందండి, ఇన్నాళ్ళూ వెనకవైపుండి ఫోటోలో పడలేదు. మీరున్నప్పటి మట్ట అది."

ఆ మట్టనే మళ్ళీ పెద్దది చేసి చూశాను. అతనే అన్నాడు:

"కోసేయమంటారా?"

మట్ట అంత ఎండితే కోసేయాలి. ఏ మాలీ అయినా కోసేస్తాడు, అందులో ఆలోచించేదేమీ లేదు. నేను వేరే మాట ఎత్తి, అక్కడ చలెట్లుందని అడిగాను. ఈసారి గాలి ఎక్కువగా ఉందండి అన్నాడు. కోయమని నేను చెప్పలేదు. కోశానని అతనూ చెప్పలేదు.